బెర్లిన్ చర్చి మెట్ల మీద నా బూట్లు

జర్మనీ నుంచి తిరిగొచ్చాక ఇబ్రహీంపట్నంలో నన్ను పలకరించనివాళ్ళు లేరు. కూరగాయల యాదమ్మ అడిగింది, మా హెడ్మాస్టరు అడిగాడు, ఎన్నడూ మాట్లాడని పక్క గల్లీ కిరాణావాడు కూడా అడిగాడు. "బెర్లిన్‌ల ఒక పొద్దంత ఒక్కదాన్నే తిరిగిన" అంటే మాత్రం అందరిదీ ఒకటే మాట: "ఒక్కదానివేనా?" ఆ ఊరు ఎలా ఉంది, ఏం తిన్నావు, మనుషులు ఎలాంటివాళ్ళు అని ఒక్కరూ అడగలేదు. కాబట్టి మీరు అడగనివన్నీ ఇక్కడ రాస్తున్నాను. అడిగినదానికి జవాబు చివర్లో ఉంటుంది.

నా పేరు సువార్త. సర్కారు హైస్కూల్లో పీఈటీని. ఇరవై ఏళ్ళకు పైగా మెడలో విజిల్ వేసుకుని తిరుగుతున్నాను. నాలుగు నెలల క్రీడా శిక్షణ కోర్సుకు ఎంపికై, ఈ వయసులో మళ్ళీ పుస్తకాల సంచీ తగిలించుకుని జర్మనీలో ఒక చిన్న ఊరికి విద్యార్థినిగా వెళ్ళాను. అక్కడి నుంచి బెర్లిన్ రైల్లో గంటకు పైగా పడుతుంది.

అన్నం బల్ల దగ్గర ఒప్పందం

మన దేశం నుంచి వచ్చిన బృందంలో ఆడవాళ్ళం ముగ్గురమే. అందరికీ పెద్దదిక్కు నర్సింగరావు సార్, కరీంనగర్ వాలీబాల్ కోచ్. మనిషి మంచివాడే కానీ భయాన్ని బాధ్యత అనుకునే రకం. సెలవు రోజు ఎక్కడికెళ్ళినా అందరూ గుంపుగానే, ఆయన వెనకాలే వెళ్ళాలి. మగవాళ్ళు ఈ నియమాన్ని ఎన్నిసార్లు దాటినా ఆయనకు కనిపించేది కాదు.

ఇందులో నష్టపోతున్నది స్రవంతి. కందుకూరు పిల్ల, ఇరవై ఆరేళ్ళ హ్యాండ్‌బాల్ కోచ్. మన దగ్గర హ్యాండ్‌బాల్ అంటే ఫుట్‌బాల్ చేత్తో ఆడతారా అని అడుగుతారు. జర్మనీలో ఆ ఆట చూడ్డానికి స్టేడియాలు నిండిపోతాయి. ఉత్తరాన సముద్రం ఒడ్డున కీల్ అనే ఊళ్ళో వచ్చే ఆదివారం పెద్ద మ్యాచ్ ఉంది. గుంపులో ఎవరికీ హ్యాండ్‌బాల్ పట్టదు. ఒంటరిగా పంపడానికి సార్ ఒప్పుకోడు. పిల్ల నాలుగు రోజులుగా అన్నం కెలుకుతోంది.

"ఆడోళ్ళు ఒక్కలు పోవుడు వద్దు టీచర్. ఏమన్న అయితే జవాబు చెప్పుకునేది నేను" అన్నాడు సార్.

"ఏమన్న అంటే ఏంది సార్? పేరు పెట్టి చెప్పుండ్రి."

"ఏదన్న గానీ. తొవ్వ తప్పొచ్చు. పోలీసోళ్ళు పట్టుకోవచ్చు."

"మొన్న సూపర్ మార్కెట్ల తొవ్వ తప్పింది మీరే గద సార్. మిమ్మల్ని వెతికి తెచ్చింది గీ స్రవంతే."

బల్ల చుట్టూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, కానీ పట్టు వదల్లేదు. చివరికి ఒప్పందం కుదిరింది. ఈ ఆదివారం నేను ఒక్కదాన్నే బెర్లిన్ వెళ్ళి, పొద్దుగూకేలోగా రావాలి. సాయం కావాలని ఫోన్ చేయకూడదు, ఎవరి నుంచీ ఫిర్యాదు రాకూడదు. అలా వస్తే వచ్చే ఆదివారం స్రవంతి కీల్ వెళ్ళొచ్చు. ఒక్క ఫిర్యాదు వచ్చినా కోర్సు ముగిసేదాకా ఆడవాళ్ళం గుంపులోనే.

"అక్కా, నోరు జర జాగ్రత్త" అంది స్రవంతి, నన్ను స్టేషన్ దాకా సాగనంపుతూ. "ఎవ్వల్తోటి కొట్లాడకు. నా మ్యాచ్ నీ నోట్లున్నది."

"నేనెప్పుడు కొట్లాడిన పిల్లా?" అన్నాను. అది నవ్వి నన్ను రైలెక్కించింది.

సోడా నీళ్ళు

బెర్లిన్ స్టేషన్ లోపల అంతస్తుల మీద అంతస్తులు. పైన ఒక రైలు, కింద ఒక రైలు, మధ్యలో దుకాణాలు. మూత్రానికి వెళ్ళాలంటే ఒక యూరో. రూపాయల్లోకి గుణించడం మొదటి వారమే మానేశాను. గుణిస్తే ఆకలీ దాహమూ చచ్చిపోతాయి, ఆ పని మాత్రం ఆగదు.

దాహం వేసి నీళ్ళ సీసా కొన్నాను. మూత తిప్పగానే బుస్సుమని మొహం మీదికి చిమ్మింది. నీళ్ళనే పేరుతో సోడా అమ్ముతారు వీళ్ళు. మామూలు నీళ్ళు కావాలంటే సీసా మీద వెతికి చదవాలి. తాగేసి సీసా చెత్తడబ్బాలో వేయబోతుంటే ఒకావిడ నా చెయ్యి ఆపింది. ఖాళీ సీసాను దుకాణంలో తిరిగిస్తే చిల్లర ఇస్తారట. నాకు వద్దనుకుంటే డబ్బా లోపల వేయకుండా పక్కన నేల మీద పెట్టాలట. వాటిని ఏరుకుని బతికేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు చెత్తలో చెయ్యి పెట్టాల్సిన పని ఉండకూడదు.

ఈ మర్యాద నాకు చాలా నచ్చింది. సీసాను డబ్బా పక్కన నిలబెట్టి, వెనక్కి తిరిగి మరోసారి చూసుకుని మరీ వెళ్ళాను. ఈ ఊళ్ళో బయట పెట్టింది అవసరమున్నవాళ్ళది అవుతుందనే పాఠం ఆ క్షణమే నేర్చుకుని ఉండాల్సింది. సీసాల వరకే నేర్చుకున్నాను.

ఎర్ర మనిషి

ఆదివారం పొద్దున బెర్లిన్ వీధులు మన ఊళ్ళో ఎన్నికల రోజు మధ్యాహ్నంలా ఉన్నాయి. దుకాణాలన్నీ మూత. ఒక చౌరస్తా దగ్గర ఇటు చూస్తే బండి లేదు, అటు చూస్తే బండి లేదు. అయినా ఆరుగురు మనుషులు సిగ్నల్ దీపంలో ఎర్ర బొమ్మ మనిషి వెలుగుతున్నాడని కదలకుండా నిలబడ్డారు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు దాటినదాన్ని నేను. లారీకీ బస్సుకీ మధ్య చెయ్యి అడ్డం పెట్టి బడిపిల్లల్ని దాటించినదాన్ని. ఖాళీ రోడ్డుకు భయపడతానా? దాటేశాను.

వెనకనుంచి ఒకామె కేకేసింది. బిడ్డను చెయ్యి పట్టుకుని నిలబడ్డ తల్లి. "పిల్లలు చూస్తున్నారు!" అంటోందని అర్థమైంది, ఆ మాట మా జర్మన్ పాఠంలోనే ఉంది. రోడ్డు ఖాళీగా ఉంటే తప్పేమిటని వాదించడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి పట్టుకున్న పిల్లాడు నన్ను కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. స్రవంతి మాట గుర్తొచ్చింది. నోరు మూసుకుని మళ్ళీ వెనక్కి, వాళ్ళున్న గట్టుకు వెళ్ళి, వాళ్ళతోపాటు నిలబడి, పచ్చ మనిషి వెలిగాక దాటాను. ఆ తల్లి సంతోషంగా తలూపింది. జీవితంలో నేను విడిచిపెట్టిన వాదనలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో అదొకటి.

గోడ ఉండిన చోట

ఊరిని రెండు ముక్కలు చేసిన గోడ గురించి మీకు చెప్పనక్కర్లేదు. అది ఉండిన ఒక వీధిలో ఇప్పుడు పొడవాటి గడ్డి మైదానం ఉంది. గోడ గుర్తుగా ఇనుప కడ్డీలు వరుసగా పాతారు, వాటి సందుల్లోంచి పిల్లలు అటూ ఇటూ దూరి ఆడుకుంటున్నారు. ఒక కుక్క ఒక కడ్డీ దగ్గర కాలెత్తింది. ఎవరూ అదిలించలేదు. నాకు మా ఊరి దగ్గరి బొంగులూరు గుర్తొచ్చింది. అక్కడ వెంచర్ల పేరుతో ఉత్త చెల్కల చుట్టూ గోడలు లేస్తున్నాయి. లోపల ఇల్లు లేదు, మనిషి లేడు, గోడ మాత్రం ఉంది, దానికో కమాను, కమాను కింద కుర్చీలో కాపలా మనిషి. వీళ్ళేమో గోడ పడగొట్టి గడ్డి పెంచుకున్నారు. ఎవరు ముందుకు పోయారో మీరే తేల్చుకోండి.

దగ్గర్లో ఒక తుర్కీ హోటల్ తెరిచి ఉంది. శనగల వడల్ని రొట్టెలో పెట్టి, క్యాబేజీ, పెరుగు వేసి ఇస్తాడు. ఆరు యూరోలు. "ఇండియానా? కారం వేయనా?" అన్నాడు హోటలాయన. వేయమన్నాను. గుప్పెడు ఎర్రటి మిరప తునకలు చల్లి, నేను తినేదాకా అక్కడే నిలబడి చూశాడు. కళ్ళలో నీళ్ళు వస్తాయని ఆశపడినట్టున్నాడు. రంగే తప్ప కారం లేదు. ఇంకొంచెం వేయమన్నాను. డబ్బా మొత్తం నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

చర్చి మెట్లు

తిన్నాక రెండు వీధులు నడిస్తే ఎర్ర ఇటుకల చర్చి కనిపించింది. ఆదివారం కదా, పొద్దుటి ఆరాధన అయిపోయినా తలుపు తెరిచే ఉంది. వెళ్ళాలనిపించింది. మెట్ల మీద కూర్చుని, బూట్లు విప్పి, సాక్సులు మడిచి వాటిలో దూర్చి, పక్కకు సర్దిపెట్టి లోపలికి నడిచాను.

అక్కడ ఎవరూ బూట్లు విప్పరని నాకు తెలుసు. మా కోర్సు ఊళ్ళో చర్చికి రెండుసార్లు వెళ్ళాను, గుంపుతో, అందరిలాగే బూట్లతో. రెండుసార్లూ పాట మీద ధ్యాస నిలవలేదు. మా ఊరి చర్చి గుమ్మం ముందు ఆదివారం చెప్పుల కుప్ప చూసి ఎవరెవరు వచ్చారో చెప్పేయొచ్చు. ఒకప్పుడు ఆ చెప్పుల్లో సగం మా తాత కుట్టినవే. ఊరందరికీ చెప్పులు కుట్టిన ఆ మనిషి పెద్దిళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు తన చెప్పులు చేతబట్టుకుని నడిచేవాడు. తర్వాత మా బాపు వేసుకునే నడిచాడు, రెండు దెబ్బలు తిన్నాడు, మళ్ళీ వేసుకునే నడిచాడు. కాబట్టి చెప్పులు విప్పడం మా ఇంట్లో చిన్న విషయం కాదు. ఎవరి ముందూ విప్పము, ఒక్క ఆ గుమ్మం ముందు తప్ప. ఆ రోజు ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి నాకు నచ్చినట్టు వెళ్ళాను.

లోపల రాతి నేల చల్లగా పాదాలకు తగిలింది. పైన ఎవరో ఆర్గన్ వాయిస్తూ సాధన చేస్తున్నారు, ఒకే చోట తప్పి, మళ్ళీ మొదలుపెడుతున్నారు. మా పిల్లల డ్రిల్లు లాగే. కూర్చుని, సాయంత్రం దాకా ఏ గొడవా రాకుండా చూడు ప్రభువా, ఆ పిల్ల మ్యాచ్ చూడాలి అని ప్రార్థించాను. ప్రాణం నిమ్మళంగా అనిపించింది.

బయటికి వచ్చి చూస్తే మెట్ల మీద బూట్లు లేవు.

విజిల్

వీధి చివర ఒక పెద్దావిడ చక్రాల సంచీ లాక్కుంటూ పోతోంది. ఆమె కాళ్ళకు నా బూట్లున్నాయి. పొరపాటు పడే అవకాశమే లేదు. ఒక లేసు తెగితే మా స్కూలు జట్టు రంగని నారింజ లేసు కట్టుకున్నాను, అది దూరం నుంచే మెరుస్తోంది.

ఉత్తకాళ్ళతో పరుగెత్తాను. "ఓ అవ్వా! ఆగు!" అని తెలుగులోనే అరిచాను. ఆమె ఆగలేదు. ట్రామ్ స్టాపు వైపు తిరుగుతోంది. ట్రామ్ ఎక్కితే నేను బూట్లు లేకుండా, దుకాణాలు మూసిన ఊళ్ళో, ఎవరికీ ఫోన్ చేయకుండా ఎలా తిరిగొస్తాను? చెయ్యి దానంతటదే మెడలో ఎప్పుడూ ఉండే విజిల్ మీదికి వెళ్ళింది. మైదానంలో చివరి మూల దాకా వినపడేలా ఊదాను.

వీధి మొత్తం ఆగిపోయింది. సైకిల్ మీద పోయేవాడు కాలు కింద పెట్టాడు. ఒక పావురాల గుంపు లేచింది. పెద్దావిడ కూడా ఆగి, రెఫరీ వైపు చూసే ఆటగత్తెలా నా వైపు చూసింది.

"నా బూట్లు" అన్నాను దగ్గరికెళ్ళి, రొప్పుతూ. మా ఇద్దరికీ ఇంగ్లీషు సగం సగమే, కానీ వాదనకు సరిపోయింది.

"నీవా? మరి బయట ఎందుకు పెట్టావు?"

"లోపలికి పోవడానికి."

"చర్చిలోకి? ఉత్తకాళ్ళతో?" ఆమె నా పాదాల వైపు చూసింది. "అంత చల్లటి నేల మీదా?"

"బయట పెట్టినంత మాత్రాన తీసుకుపోతారా? దీన్ని మా ఊళ్ళో దొంగతనం అంటారు."

"మా ఊళ్ళో దీన్ని దానం అంటారు" అంటూ ఆమె వీధి పొడుగునా వేలితో చూపించింది. అప్పుడు కనిపించాయి నాకు. ఒక కిటికీ గట్టు మీద పుస్తకాల అట్టపెట్టె, ఒక గుమ్మం ముందు టీ కప్పులు, ఒకచోట పిల్లల స్వెట్టర్లు. ఇంట్లో వద్దనుకున్నవి శుభ్రం చేసి, వరుసగా సర్ది బయట పెడతారట, కావాల్సినవాళ్ళు తీసుకుంటారట. నా బూట్లు ఎంత శుభ్రంగా సర్దానో ఆవిడే ఒప్పుకుంది. "సాక్సులు కూడా మడిచి పెట్టావు. ఎంత మర్యాదస్థులో అనుకున్నాను."

ఇంతలో పైనుంచి అరుపులు. మూడో అంతస్తు బాల్కనీలో ఒక ముసలామె ఫోన్ పట్టుకుని నన్నే తిడుతోంది. ఆదివారం అక్కడ చప్పుడు చేయకూడదు. నేల తుడిచే మిషన్ కూడా ఆడించరు. నేనేమో వీధి మధ్యలో విజిల్ ఊదాను. ఆమె పోలీసులకు ఫోన్ చేసిందని పెద్దావిడ చెప్పింది. ఒక్క ఫిర్యాదు రాకూడదని వచ్చిన మనిషి మీదే ఫిర్యాదు.

కారు వచ్చింది. ఇద్దరు పోలీసులు, ఇద్దరూ మా స్రవంతి వయసువాళ్ళే. వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది, విజిల్ ఊదింది ఎవరని. నేనే అన్నాను. ఎందుకంటే, ఈమె నా బూట్లు తీసింది కాబట్టి. "తీయలేదు, ఆమే ఇచ్చింది" అంది పెద్దావిడ. "నేను ఇవ్వలేదు" అన్నాను. "ఇవ్వలేదని ఇప్పుడు తెలిసింది" అందావిడ. పోలీసు అబ్బాయి మమ్మల్ని, ఆమె కాళ్ళను, నా కాళ్ళను మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ ఎవరి మీద ఎవరికి ఫిర్యాదు?"

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. మా ఆయన.

"ఎక్కడున్నవే?"

"బెర్లిన్ల. పోలీసోళ్ళతోటి మాట్లాడుతున్న."

"సరే గానీ, సిలిండర్ ఒడిసింది. బుకింగ్ నీ నంబర్ మీదనే ఉన్నది గద, జర బుక్ చెయ్యి. సగం ఉడికింది కూర."

"పోలీసోళ్ళు అంటున్న!"

"వినవడ్డది. నువ్వున్నవ్ గద, వాళ్ళకే కష్టం. సిలిండర్ మర్వకు."

ఎవరని పోలీసమ్మాయి అడిగింది. నా భర్త, గ్యాస్ అయిపోయిందట అన్నాను. ఆమె పెదవి బిగబట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికి.

అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. నా పేరు రాసుకుంటే కబురు మా హాస్టల్‌కు వెళ్తుంది, వెళ్తే ఒక పిల్ల మ్యాచ్ పోతుంది. "తప్పు నాది, నన్ను ఇక్కడే తిట్టండి. కానీ ఒకామె విజిల్ ఊదితే ఇంకొకామె రైలెక్కకూడదనడం ఏ న్యాయం?" అని వాదించాను. పోలీసులకు ఎంత అర్థమైందో తెలియదు. పెద్దావిడకు మాత్రం మొత్తం అర్థమైంది. ఆమె గిర్రున తిరిగి బాల్కనీ కిందికి వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని జర్మన్‌లో దంచికొట్టింది. బాల్కనీ ఆమె దంచింది. ఈమె మళ్ళీ దంచింది. నోరున్న ఆడవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉంటారని తెలిసి నా ప్రాణం లేచొచ్చింది. చివరికి బాల్కనీ ఆమె నా పాదాల వైపు వంగి చూసి, ఏదో గొణిగి, లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమంది?" అన్నాను.

"ఈసారికి వదిలేస్తుందట. కానీ చర్చికి వెళ్ళేటప్పుడు మందం సాక్సులు వేసుకోమని చెప్పమంది."

పోలీసులు కాగితం తీయలేదు. ఆదివారం విజిల్ ఊదొద్దని గట్టిగా చెప్పి, పెద్దావిడకు టాటా చెప్పి వెళ్ళిపోయారు.

చుక్కకూర కేకు

ఆవిడ పేరు హన్నెలోరె. పార్కు బెంచీ మీద కూర్చుని నా బూట్లు విప్పి ఇచ్చింది. "సరిగ్గా సరిపోయాయి" అంది, కాస్త బాధగానే. ఆమె పాతవి సంచీలోనే ఉన్నాయి, మడమ అరిగినవి. మనసు కరిగి నా బూట్లు ఆమెకే ఇచ్చేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. ఇవ్వలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు దుకాణాలు తిరిగి, బేరమాడి కొన్న బూట్లవి. కానీ ఆ నారింజ లేసు మీద ఆమె కన్ను పడిందని గమనించాను. నా సంచీలో రెండోది ఉంది, తీసి ఆమె బూటుకు కట్టాను. కాలు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

బదులుగా సంచీలోంచి డబ్బా తీసి ఇంట్లో చేసిన కేకు పెట్టింది. లోపల ఎర్రటి కాడల ముక్కలు, పుల్లగా నాలుక జివ్వుమంది. ఆ కాడల మొక్క మన చుక్కకూరకు దగ్గర చుట్టమట. చుక్కకూరలో చక్కెర పోసి కేకు చేశారని మా యాదమ్మకు చెబితే నమ్మలేదు. నేను రెండు ముక్కలు తిన్నాను.

స్టేషన్‌కు తోడు వస్తానంది హన్నెలోరె. వద్దన్నాను, ఒప్పందం గుర్తుచేశాను. "అవును కదా" అని వీధి మలుపు దగ్గరే ఆగిపోయింది. అక్కడ ఒక గుమ్మం ముందు పెట్టెలో స్కిప్పింగ్ తాడు ఉంది, కొయ్య పిడులది. రోడ్డు మీది వస్తువు ముట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. హన్నెలోరె దూరం నుంచే చెయ్యి ఊపుతూ, తీసుకో తీసుకో అని అరిచింది, ఆదివారమని కూడా చూడకుండా. తీసుకున్నాను. ఇప్పుడు మా ఆరో తరగతి పిల్లలు దాంతోనే దూకుతున్నారు.

జవాబు

మే నెలలో అక్కడ సాయంత్రం ఎనిమిదింటికీ ఎండ ఉంటుంది. నేను హాస్టల్‌కు చేరేసరికి అందరూ అన్నం బల్ల దగ్గరే ఉన్నారు. స్రవంతి నా మొహం వైపు చూస్తోంది, గ్లాసు పట్టుకుని, తాగకుండా.

"ఫోన్ రాలే. ఫిర్యాదు గూడ రాలే" అన్నాడు నర్సింగరావు సార్. "గెలిచినవ్ టీచర్."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ దాచిపెట్టి గెలిస్తే, తప్పు జరిగితే ఆడవాళ్ళు ఇంట్లో ఉండాల్సిందేనని నేనే ఒప్పుకున్నట్టు. బూట్ల నుంచి పోలీసుల దాకా మొత్తం చెప్పేశాను. స్రవంతి గ్లాసు కింద పెట్టేసింది.

"సూసినవా మరి!" సార్ లేచి నిలబడ్డాడు. "గిందుకే గద నేను మొత్తుకునేది! ఒక్కదానివి పోయినవ్, బూట్లు వాయె, పోలీసోళ్ళు అచ్చె!"

"గుంపుల పోతె బూట్లు పోకపోవునా సార్? నన్ను జూసి మీరు గూడ మెట్ల మీదనే ఇడుద్దురు. హన్నెలోరె సంచి నిండుతుండె."

ఎవరో ఫక్కుమన్నారు. నేను నవ్వలేదు.

"పోయినయ్, తెచ్చుకున్న. పోలీసోళ్ళొచ్చిండ్రు, మాట్లాడిన. తొవ్వ సూసుకుంట ఇంటికొచ్చిన. ఏమన్న అయితే ఎట్ల అన్నరు గద? అయ్యింది. అయితే ఏమైతదో ఇగో, మీ ముంగట నిలవడ్డది. జవాబు మీరు చెప్పే పనే రాలే."

సార్ నా బూట్ల వైపు చూశాడు. ఒకదానికి నారింజ లేసు, ఒకదానికి నల్లది. తర్వాత కూర్చుని, కంచం దగ్గరికి లాక్కుని, స్రవంతి వైపు చూడకుండానే అడిగాడు.

"కీల్ రైలు ఎన్నింటికి బిడ్డా?"

ఆ తర్వాతి ఆదివారం పొద్దున స్రవంతి గడప దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే నా మెడలోని విజిల్ తీసి దాని మెడలో వేశాను.

"ఊదాల్నా అక్కా?"

"వద్దు. ఇయ్యాల ఆదివారం. ఉంచుకో అంతే."

అది మెట్లు దిగి, వెనక్కి తిరగకుండా, ఒక్కతే వెళ్ళింది. చౌరస్తా దగ్గర ఎర్ర మనిషి వెలుగుతున్నాడు. బండ్లు లేవు. ఆగింది. పచ్చ మనిషి వచ్చాక దాటింది.